మామునూరు నుంచి రేణిగుంటకు ఎంత దూరం, ఎంత సేపు: కాగితం మీద లెక్క వేసుకునే పద్ధతి

పోయిన శ్రావణంలో పరకాల నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, వరంగల్ నుంచి తిరుపతికి ఫ్లైట్ల గంటా ఆరు నిమిషాలేనట. ఫోన్ల చూసిన. ఇగ పద్మావతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు తియ్యకు" అన్నాడు.

వాడు చూసింది అబద్ధం కాదు. మామునూరులో ఉన్న వరంగల్ విమానాశ్రయానికి డబ్ల్యూ, జీ, సీ అనే మూడక్షరాల కోడ్ ఇప్పటికీ ఉంది. తిరుపతికి టీ, ఐ, ఆర్. ఆ రెండూ కొడితే దూరం, సమయం లెక్కగట్టి చూపించే పేజీలు బోలెడు. అక్కడ విమానం ఎగురుతోందా లేదా అన్నది వాటికి అక్కర్లేదు. మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం మళ్లీ అనుమతి ఇచ్చింది, భూసేకరణ పని నడిచింది, కానీ నేను ఇది రాసేనాటికి అక్కడి నుంచి టికెట్ కొనుక్కుని ఎక్కే విమానం లేదు. ఈ సంగతి చెప్తే మా వాడు, "మరి గంటా ఆరు నిమిషాలని ఎవడు కొలిచిండు?" అన్నాడు. మంచి ప్రశ్న. ఎవడూ కొలవలేదు, లెక్క వేశారు. ఆ లెక్క మనమూ వేసుకోవచ్చు. మనమే వేసుకుంటే ఇంకా దగ్గరగా వస్తుంది.

నేను కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. కాజీపేట, బల్లార్షా సెక్షన్‌లో పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి అంటూ ప్రతి స్టేషన్ దగ్గరా టైం రాసుకోవడమే నా బతుకు. రఫ్ జర్నల్ అని ఒక పుస్తకం ఉంటుంది మాకు. బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది, ఎక్కడ ఎందుకు ఆగింది, అన్నీ అందులో ఎక్కాలి. ఆ అలవాటు పోలేదు. విమానం ఎక్కినా జేబులో చిన్న పుస్తకం ఉంటుంది. దాన్నిబట్టే ఇది చెప్తున్నాను.

ముందు కావలసింది రెండు విమానాశ్రయాల అక్షాంశం, రేఖాంశం. ఫోన్‌లో మ్యాప్ తెరిచి రన్‌వే మధ్యలో వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. రన్‌వే మీదే నొక్కాలి, ఊరి పేరు మీద కాదు. తిరుపతి విమానాశ్రయం రేణిగుంట దగ్గర ఉంది. విజయవాడది గన్నవరంలో, ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో. హైదరాబాద్ విషయంలో ఇంకో తికమక ఉంది. 2008 మార్చి దాకా విమానాలన్నీ బేగంపేటలో దిగేవి, తర్వాత శంషాబాద్‌కు మారాయి. పాత పట్టికల్లో హైదరాబాద్ అంటే బేగంపేటే. ఆ రెంటి మధ్యే దాదాపు 24 కిలోమీటర్లు ఉంది. చిన్న దూరాల్లో ఆ తేడా చిన్నదేం కాదు.

మామునూరుకు 17.914, 79.602 అని వస్తుంది. మొదటిది ఉత్తర అక్షాంశం, రెండోది తూర్పు రేఖాంశం. చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణించండి. 0.914 ఇంటూ 60 అంటే 54.8, సుమారు 55. అంటే 17 డిగ్రీల 55 నిమిషాలు. గడియారంలో నిమిషానికీ దీనికీ పేరొక్కటే, సంబంధం లేదు. డిగ్రీలో 60వ వంతును నిమిషం అంటారు. పంచాంగం చూసే మా పెద్దనాన్న దీన్నే కళ అనేవాడు. 17 భాగల 55 కళలు అని చదివితే ఆయనకు వెంటనే అర్థమయ్యేది.

ఇంత తంటా ఎందుకంటే, అసలు కిటుకు ఇక్కడే ఉంది. అక్షాంశంలో ఒక నిమిషం అంటే నేల మీద ఒక నాటికల్ మైలు. నావికులు, పైలట్లు వాడే మైలు అలా పుట్టిందే. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. కాబట్టి ఉత్తర దక్షిణాలుగా ఉన్న రెండు చోట్ల మధ్య దూరం తెలుసుకోవడానికి తీసివేత వస్తే చాలు.

మామునూరు, రేణిగుంట విషయంలో మన అదృష్టం చూడండి. మామునూరు రేఖాంశం 79 డిగ్రీల 36 నిమిషాలు, రేణిగుంటది 79 డిగ్రీల 33 నిమిషాలు. మూడు నిమిషాలే తేడా. ఒకే నిలువు గీత మీద ఉన్నట్టే. మామునూరులో లేచి ముక్కు సూటిగా దక్షిణానికి పోతే రేణిగుంట వస్తుంది. నేను ముప్పై ఏళ్లుగా విజయవాడ, నెల్లూరు, గూడూరు మీదుగా తిరుపతి పోతున్నానేమో, తిరుపతి అంటే నా బుర్రలో ఎక్కడో ఆగ్నేయాన ఉండేది. మ్యాప్ చూసిన రోజు కాసేపు నమ్మబుద్ధి కాలేదు.

రేణిగుంట అక్షాంశం 13 డిగ్రీల 38 నిమిషాలు. 17 డిగ్రీల 55 నిమిషాల్లోంచి తీసేస్తే 4 డిగ్రీల 17 నిమిషాలు. నాలుగు అరవైలు 240, దానికి 17 కలిపితే 257. అంటే 257 నాటికల్ మైళ్లు. 1.852తో గుణిస్తే 476 కిలోమీటర్లు. భూమి నిఖార్సయిన గుండ్రం కాదు గనక ఒకటి రెండు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది, దాన్ని వదిలేయండి. వరంగల్ నుంచి తిరుపతికి రైలు దారి 600 కిలోమీటర్లకు కాస్త తక్కువ. విజయవాడ మీదుగా వంపు తిరిగి పోయినందుకు కట్టే కప్పం ఆ నూరూ నూట ఇరవై.

అన్ని జంటలూ ఇలా కలిసిరావు. గన్నవరం, రేణిగుంట తీసుకుందాం. గన్నవరం 16 డిగ్రీల 32 నిమిషాలు, 80 డిగ్రీల 48 నిమిషాలు. ఇక్కడ అడ్డంగానూ తేడా ఉంది, నిలువుగానూ ఉంది. నిలువు తేడా 2 డిగ్రీల 54 నిమిషాలు, అంటే 174. అడ్డం తేడా ఒక డిగ్రీ 15 నిమిషాలు, అంటే 75. అయితే రేఖాంశం నిమిషం పూర్తి మైలు కాదు. భూమధ్య రేఖ దగ్గర పూర్తి మైలే, ఉత్తరానికి పోయేకొద్దీ గీతలు దగ్గరికి వచ్చి ధ్రువం దగ్గర కలిసిపోతాయి. ఎంత తగ్గుతుందో చెప్పేది ఆ అక్షాంశపు కొసైన్. భయపడకండి. తిరుపతి నుంచి ఆదిలాబాద్ దాకా మన తెలుగు నేల మొత్తానికి 0.96 అని పెట్టుకుంటే తప్పు నూటికి రెండు దాటదు. నేను కొసైన్ పట్టిక ఎప్పుడూ తెరవలేదు.

75 ఇంటూ 0.96 అంటే 72. ఇప్పుడు లంబకోణ త్రిభుజం. నిలువు 174, అడ్డం 72, కర్ణం కావాలి. తొమ్మిదో తరగతిలో దెబ్బలు తిని నేర్చుకున్న పైథాగరస్ ఇన్నాళ్లకు పనికొచ్చాడు. 174 వర్గం 30,276. 72 వర్గం 5,184. కలిపితే 35,460. వర్గమూలం ఫోన్‌లో నొక్కితే 188. కిలోమీటర్లలో 348. అయిపోయింది.

ఇదే పద్ధతిలో శంషాబాద్, రేణిగుంట వేసి చూడండి. శంషాబాద్ 17 డిగ్రీల 14 నిమిషాలు, 78 డిగ్రీల 26 నిమిషాలు. నిలువు 216, అడ్డం 67 ఇంటూ 0.96, అంటే 64. కర్ణం 225 నాటికల్ మైళ్లు, 417 కిలోమీటర్లు. ఈ 225ను గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

పనిలో పనిగా మామునూరు, శంషాబాద్ కూడా వేశాను. నిలువు 41, అడ్డం 70 ఇంటూ 0.96, అంటే 67. కర్ణం 79 నాటికల్ మైళ్ల లోపు, కిలోమీటర్లలో 145 చిల్లర. ఈ అంకె రాగానే పెన్ను కింద పెట్టాను. శంషాబాద్ కట్టేటప్పటి ఒప్పందంలో చుట్టూ 150 కిలోమీటర్ల లోపల 25 ఏళ్ల దాకా ఇంకో విమానాశ్రయం రాకూడదని ఒక షరతు ఉంది. అది రోడ్డు దూరం కాదు, ఆకాశ దూరం. మామునూరు నాలుగైదు కిలోమీటర్ల తేడాతో గీత లోపల పడింది. గీతకు అవతల ఉంటే ఏం జరిగేదో గానీ, మన ఎయిర్‌పోర్టు గురించి పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా చివరి పేరాలో ఆ 150 కిలోమీటర్ల సంగతి ఉండేది. శంషాబాద్ నడిపే జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదన్నాకనే 2025లో అనుమతి వచ్చింది. కాజీపేట నుంచి శంషాబాద్‌కు జనగామ, భువనగిరి, ఘట్‌కేసర్ దాకా పోయి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే 170 కిలోమీటర్లు దాటుతుంది. కారులో పోయేవాడికి ఆ 145 ఎందుకూ పనికిరాదు, ఒప్పందం రాసేవాడికి మాత్రం అదే ప్రాణం.

దూరం అయింది. ఇక సమయం. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

మన దగ్గర చిన్న విమానాశ్రయాలకు తిరిగేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఏటీఆర్ 72, రెక్కలకు ప్రొపెల్లర్లు ఉండేది, డెబ్బై ఎనభై మంది పడతారు. రెండోది ఎయిర్‌బస్ 320 లాంటి జెట్, 180 మంది దాకా. ఏటీఆర్ నిలకడ వేగం గంటకు 270 నాట్లు, అంటే గంటకు 270 నాటికల్ మైళ్లు. నిమిషానికి నాలుగున్నర. జెట్ దాదాపు 450 నాట్లు, నిమిషానికి ఏడున్నర. నాలుగున్నర, ఏడున్నర. ఈ రెండూ నోటికి వస్తే చాలు.

శంషాబాద్ నుంచి రేణిగుంటకు 225. దాన్ని నాలుగున్నరతో భాగిస్తే 50 నిమిషాలు. మరి టికెట్ మీద గంటా ఇరవై అని ఎందుకుంటుంది? ఆ మిగతా అరగంట ఏమైంది?

రెండేళ్ల కింద మా ఇంటావిడ మోకాళ్ల నొప్పులకు రాత్రంతా రైల్లో కూర్చోలేనంటే, అల్లుడు శంషాబాద్ నుంచి ఏటీఆర్‌లో టికెట్లు తీశాడు. పొద్దున 9:05కు బయల్దేరి 10:25కు చేరడం. బస్సులో విమానం దాకా తీసుకుపోయారు. మెట్లు వెనక వైపు ఉన్నాయి, ముందు తలుపులోంచి సామాన్లు ఎక్కిస్తున్నారు. ఆమె రెక్క కింద ఆగి పైకి చూసింది. ఒక్కో ప్రొపెల్లర్‌కు ఆరు రెక్కలు. "ఫ్యాన్ల విమానమా? మొన్న బిడ్డ ఎక్కింది ఇట్ల లేదు గదా" అంది. భయం లేదని చెప్పి ఎక్కించి, కిటికీ పక్కన కూర్చుని నా పుస్తకం తీశాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందు ఉంది.

తలుపు మూసింది 8:58.
కదిలింది 9:06.
గాల్లోకి లేచింది 9:22.
నేల తాకింది 10:18.
ఆగింది 10:24.

చూడండి. కదలడం నుంచి ఆగడం దాకా 78 నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది 56. నేల మీద పాకింది 22: శంషాబాద్‌లో 16, రేణిగుంటలో 6. లెక్క ప్రకారం 50 నిమిషాల్లో పోవాల్సింది గాల్లో 56 ఎందుకైంది? ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పూర్తి వేగం ఉండదు. పైగా శంషాబాద్‌లోనూ రేణిగుంటలోనూ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి, మన దారేమో ఉత్తర దక్షిణం. లేచాక తిరగాలి, దిగే ముందు మళ్లీ తిరగాలి. రైలుకు లూప్ లైన్‌లోకి మళ్లడం లాంటిది. కాబట్టి 50కి నేల మీది 22, గాల్లో పెరిగిన 6 కలిపితే 78.

విమానాల వాళ్లు టికెట్ మీద వేసే సమయం ఈ కదలడం నుంచి ఆగడం దాకానే. బ్లాక్ టైం అంటారు. ఎగిరే సమయం కాదు. పైగా ఆలస్యాలకు పనికొచ్చేలా కాస్త అదనపు సమయం అందులో పోగు వేసి పెడతారు. మా వర్కింగ్ టైం టేబుల్లో ఇంజినీరింగ్ అలవెన్స్, ట్రాఫిక్ అలవెన్స్ అని ఇలాంటి అదనపు నిమిషాలే ఉంటాయి. అందుకే ఏ రైలైనా చివరి పది కిలోమీటర్లకు కాగితం మీద అరగంట చూపిస్తుంది, అప్పటిదాకా ఆలస్యంగా నడిచిన బండి చివరికి రైట్ టైం అవుతుంది. విమానాలదీ అదే కథ. పైగా చెప్పిన సమయానికి 15 నిమిషాలు దాటితే గానీ లెక్కల్లో ఆలస్యం అనరు. మా ఔటర్ సిగ్నల్ దగ్గర బండి ఆగినట్టు విమానం గాల్లో ఆగలేదు గనక చక్కర్లు కొడుతుంది. దానికీ ఆ పోగులోంచే తియ్యాలి.

కాబట్టి పద్ధతి ఇది. ఏటీఆర్ అయితే మైళ్లను నాలుగున్నరతో భాగించి, ఒక వైపు శంషాబాద్ లాంటి పెద్ద విమానాశ్రయం ఉంటే 28 కలపండి. రెండు వైపులా చిన్నవే అయితే 20 చాలు, అక్కడ రన్‌వే దాకా పాకే దూరం తక్కువ, ముందు వరసలో నిలబడ్డ విమానాలూ ఉండవు. జెట్ అయితే ఏడున్నరతో భాగించి పెద్దచోటికి 35, చిన్నచోట్లకు 28. జెట్‌కు ఎక్కువెందుకంటే, అది చాలా ఎత్తు ఎక్కి దిగాలి, 10,000 అడుగుల కింద 250 నాట్లకు మించి పోకూడదన్న నియమం దాన్ని కట్టేస్తుంది. ఏటీఆర్‌కు ఆ నియమంతో పెద్ద ఇబ్బంది లేదు, దాని వేగమే అంత. అందుకే నాలుగు వందల కిలోమీటర్ల దారిలో జెట్ వేగం ఒకటిన్నర రెట్లు దాటినా మిగిలేది పావుగంటే. శంషాబాద్ నుంచి రేణిగుంటకు జెట్ లెక్క: 225 బై ఏడున్నర అంటే 30, దానికి 35. గంటా ఐదు. ఏటీఆర్‌కు గంటా పద్దెనిమిది. ఆ తేడా కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టకండి.

గన్నవరం నుంచి రేణిగుంటకు ఏటీఆర్‌లో 188 బై నాలుగున్నర, 42. దానికి 20. గంటా రెండు నిమిషాలు. పోగు కలిపి టికెట్ మీద ఇంకో ఐదో పదో ఎక్కువ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

మామునూరు నుంచి రేణిగుంటకు, రేపెప్పుడో విమానం వస్తే, ఏటీఆర్‌లో 57కి 20, గంటా పదిహేడు. జెట్‌లో 34కి 28, గంటా రెండు. మా బావమరిదికి ఫోన్ చెప్పిన గంటా ఆరు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది కదా. గంటకు 800 కిలోమీటర్లు అనుకుని భాగించి, గుండుగుత్తగా అరగంట కలిపారు. 476కి 36 నిమిషాలు, 30 కలిపితే 66. జెట్ అనుకుంటే అది సరైన లెక్కే. మామునూరులో మొదట దిగేది ప్రొపెల్లర్ విమానమా జెట్టా అన్నది ఆ పేజీని అడిగితే ఏం చెప్తుంది?

ఈ గంట అనే మాటకు సర్కారు లెక్కల్లోనూ చోటుంది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం పెట్టినప్పుడు 500 కిలోమీటర్ల, గంట ప్రయాణానికి కొన్ని సీట్లకు 2,500 రూపాయల పరిమితి పెట్టారు. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద లేచిన తొలి విమానాల్లో కడప, హైదరాబాద్ ఒకటి, నాందేడ్, హైదరాబాద్ ఒకటి. నిజామాబాద్, బాసర వైపు వాళ్లకు నాందేడ్ దగ్గరే గనక ఆ లెక్కా వేశాను: 133 నాటికల్ మైళ్లు, 247 కిలోమీటర్లు. ఏటీఆర్‌లో 30కి 28, గంటకు రెండు నిమిషాలు తక్కువ. దూరం సగమే, గంట మాత్రం గంటే. దారి చిన్నదయ్యేకొద్దీ ఆ కలిపే నిమిషాలే ప్రయాణాన్ని తినేస్తాయి.

ఇక మా తిరుపతి ప్రయాణం సంగతి. విమానం నిమిషం ముందే ఆగింది, మేము మాత్రం గంట ఆలస్యమయ్యాం. ఎలాగంటారా? అల్లుడు 10:25కు దిగుతామని చూసి 11 గంటలకు మూడు వందల రూపాయల దర్శనం టికెట్ తీశాడు. "మామా, అరగంట గ్యాప్ ఉంది, టెన్షన్ లేదు" అన్నాడు. ముప్పై ఏళ్లు గార్డు పని చేసినవాణ్ని, నేనైనా చూసుకోవద్దా? చూసుకోలేదు. సామాన్లు వచ్చేసరికి 10:42. బయట కారు మాట్లాడుకుని కదిలేసరికి 10:55. రేణిగుంట నుంచి అలిపిరి, అక్కడ తనిఖీ, తర్వాత ఘాట్ రోడ్డు. కొండ మీద దిగేసరికి 12:10. క్యూ దగ్గర బతిమాలుకుంటే పంపారు, ఆ సంగతి వేరు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ "పెద్ద గార్డు" అని ఎత్తిపొడుస్తుంది.

ఆ రోజు మొత్తం జర్నల్‌లో ఎలా ఉందంటే: కాజీపేట ఫాతిమానగర్‌లో ఇంటి తాళం వేసింది 3:20. శంషాబాద్ చేరింది 6:40, మధ్యలో భువనగిరి దాటాక ఒక టీ. విమానం ఆగింది 10:24. కొండ మీద 12:10. మొత్తం 8 గంటల 50 నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది 56 నిమిషాలు. పద్మావతి అయితే వరంగల్‌లో రాత్రి ఎక్కి పడుకుంటే పొద్దున తిరుపతిలో లేపుతుంది.

మీరు లెక్క వేసుకునేటప్పుడు విమానం సమయాన్ని చివర్లో కలపండి, మొదట్లో కాదు. వెనక నుంచి రండి. కొండ మీద ఎన్నింటికి ఉండాలి? దానికి రెండు గంటల ముందు విమానం ఆగాలి. దానికి బ్లాక్ టైం ముందు కదలాలి. చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు. కాబట్టి రెండు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలి. దానికి మూడున్నర గంటల ముందు హనుమకొండ వదలాలి, ఘట్‌కేసర్ దగ్గర పొద్దుటి రద్దీలో ఇరుక్కునే టైం అయితే నాలుగు. సికింద్రాబాద్ దాకా రైల్లో పోయి విమానాశ్రయానికి పోయే పుష్పక్ బస్సు ఎక్కొచ్చు గానీ, మారడానికి ఒక గంట వదులుకోండి. గన్నవరం నుంచి పోదామని కొందరు అంటారు. వరంగల్ నుంచి విజయవాడకు రైల్లో మూడు గంటలు కూర్చున్నవాడు దిగి, గన్నవరం పోయి, విమానం ఎక్కి రేణిగుంటలో దిగేలోపు, దిగకుండా అదే రైల్లో కూర్చున్నవాడు నెల్లూరు దాటేసి ఉంటాడు.

గల్ఫ్‌కు పోయే పిల్లల ఇళ్లలో ఇంకో తికమక వినిపిస్తుంది. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్‌లలో ఇది మామూలే. మా పక్కింటి అబ్బాయి టికెట్‌లో హైదరాబాద్ 10:00, దుబాయ్ 12:15 అని ఉంది. వాళ్లమ్మ "రెండుంబావు గంటలల్ల దుబాయ్ పోతడా" అని మురిసిపోయింది. టికెట్‌లో ఏ ఊరి టైం ఆ ఊరిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. కాబట్టి పోయేటప్పుడు గంటన్నర కలపాలి, మూడుంముప్పావు. వచ్చేటప్పుడు తీసెయ్యాలి. దూరం రెండున్నర వేల కిలోమీటర్లు, సుమారు 1,375 నాటికల్ మైళ్లు. ఏడున్నరతో భాగిస్తే 183, దానికి 35. మూడు గంటల 38 నిమిషాలు. మన లెక్క అక్కడా దగ్గరగానే వచ్చింది. అయితే ఆ దూరానికి మాత్రం పైథాగరస్ వాడకండి. 500, 600 కిలోమీటర్ల దాకా భూమి చదునన్నట్టు లెక్క వేసుకోవచ్చు. అంత పొడవు దారికి భూమి వంపు లెక్కలోకి వస్తుంది, అక్షాంశం మారిపోయి 0.96 కూడా పనికిరాదు. అలాంటి దూరాలు ఫోన్‌నే అడగండి. గాలి కూడా చూసుకోవాలి. చలికాలంలో పైన పడమటి గాలి బలంగా ఉంటుంది, పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. రేణిగుంట లాంటి చిన్న దారిలో గాలి వల్ల వచ్చే తేడా రెండు మూడు నిమిషాలే, నేను దాన్ని ఎప్పుడూ రాసుకోలేదు.

మొన్న ఆదివారం బావమరిది ఇంటికి వచ్చాడు. ఇదంతా చెప్పి, మామునూరు నుంచి విశాఖకు నువ్వే వెయ్యి అని పెన్ను చేతికిచ్చాను. విశాఖ 17 డిగ్రీల 43 నిమిషాలు, 83 డిగ్రీల 13 నిమిషాలు. తిరుపతి నిలువు గీత అయితే ఇది అడ్డగీత. నిలువు 12, అడ్డం 217 ఇంటూ 0.96. వాడు 208 అని తెచ్చి, "గిదే దూరం, 12 ఎందుకు బావా, పారెయ్" అన్నాడు. 12 కలిపి చూసినా 209 లోపే. 386 కిలోమీటర్లు. నాలుగున్నరతో భాగిస్తే 46, దానికి 20. గంటా ఆరు నిమిషాలు.

"మళ్లా అదే గంటా ఆరు" అన్నాడు. ఈసారి నిజమైన లెక్కే అది, ఏటీఆర్‌లో. కొత్త విమానాశ్రయం భోగాపురం అయితే విశాఖకు ఈశాన్యంగా నలభై కిలోమీటర్ల పైన ఉంది, పిన్ను అక్కడ పెట్టి మళ్లీ వేయాలన్నాను. వాడు కాగితం తిప్పి వెనక వైపు మొదలుపెట్టాడు.